రెండు పంపులు, ఒక చెంబు నీళ్ళు

నా చిన్నప్పుడు మా గౌలిపుర గల్లీలో ఎవరింట్లో పెళ్ళి కుదిరినా, పంతులు గారి తరువాత కబురు అందేది మా తాతయ్యకే. ముహూర్తం ఎప్పుడో ఆయనకు ముందుగా తెలియాలి. ఆ రోజుకు కారు కడిగి పెట్టాలి కదా.

కారు మా తాతయ్యది కాదు. కార్వాన్‌లో పసుపు, మిర్చి టోకు వ్యాపారం చేసే సేఠ్ గారిది. ఆయన తండ్రి ఎప్పుడో ఒక నవాబు ఇంటి నుంచి కొన్న విలాయతీ కారు అది. పొడుగ్గా, పైన నలుపు, కింద మీగడ రంగు. అది మా గల్లీలోకి వస్తే పాలవాళ్ళ బర్రెలను ముందు వెనక్కి తోలాలి, లేకపోతే దారి చాలదు. మా తాతయ్య దానికి ముప్ఫై ఏళ్ళుగా డ్రైవరు. తమ డ్రైవరు ఉండే గల్లీలో ఏ ఆడపిల్ల అత్తవారింటికి వెళ్ళినా ఆ కారులోనే వెళ్ళాలని సేఠ్ గారి తండ్రి పెట్టిన ఆనవాయితీ. కూలివాళ్ళ పిల్ల అయినా సరే, ఆ ఒక్క పూట తోలు సీటు మీద రాణిలా కూర్చునేది.

ఆ కారుకు ఒక గుణం ఉండేది. ఎండాకాలం ఊరేగింపులో నత్తలా నడిపితే దాని పెట్రోలు పంపు వేడెక్కి మొండికేసేది. ట్యాంకులోని పెట్రోలును ఇంజనుకు అందించేది ఆ పంపే. అది ఆగితే బండి ఆగినట్టే. అందుకని మా తాతయ్య దాని చుట్టూ తడి గోనెగుడ్డ చుట్టి, పెళ్ళికూతురి మేనమామ చేతికి చెంబుడు నీళ్ళు ఇచ్చి, కారు పక్కనే నడుస్తూ ఆ గుడ్డ మీద కాసిని పోస్తూ ఉండమనేవారు. ముందు ఎడమ సీటు దగ్గర, కారు నేల కింద, బయటి నుంచి చెయ్యి పెడితే అందే చోట ఉండేది పంపు.

కొన్నేళ్ళకు ఈ నీళ్ళు ఎందుకో అందరూ మరచిపోయారు. ఒకరు చెంబుకు పసుపు రాశారు. ఇంకొకరు మామిడాకు పెట్టారు. మేనమామ నీళ్ళు పోస్తేనే పిల్ల కాపురం చల్లగా ఉంటుందని గల్లీలోని ఒక అవ్వ తేల్చి చెప్పేసింది. చివరికి వానాకాలం పెళ్ళిళ్ళలో కూడా, పైనుంచి వాన పడుతుంటే, గొడుగు పట్టుకుని మరీ మేనమామలు నీళ్ళు పోసేవారు.

నాకు పదకొండో ఏడు వచ్చిన సంవత్సరం, ఒక పెళ్ళిలో నీళ్ళు పోసినా కారు ఆగిపోయింది. లాల్‌దర్వాజా దగ్గర, నడిరోడ్డు మీద. పెళ్ళికొడుకే కండువా నడుముకు చుట్టుకుని కారు తోశాడు. ఆ మాట ఏడాది పాటు ఊరంతా తిరిగింది. "పిల్లనిచ్చి బండి తోయించుకున్నరు" అని పాల కేంద్రం దగ్గర నవ్వుకునేవారు. మా తాతయ్య ఆ నవ్వులకు ఏమీ అనేవారు కాదు. అప్పట్లో ఆయన ఏ మాటకూ వెంటనే బదులు చెప్పేవారు కాదు. రెండోసారి అడిగితే, "ఏంది బిడ్డా?" అనేవారు. బండి ఆగిన దిగులు అనుకున్నాం.

సేఠ్ గారు మంచివారే. కానీ ఆయన కొడుకులు కారు అమ్మేద్దామని పట్టుబట్టారు. ఒకరోజు సేఠ్ గారే మా ఇంటి అరుగు మీద కూర్చుని, చాయ్ తాగి, నేల చూస్తూ అన్నారు. "డ్రైవర్ సాబ్, ఇంకొక్క పెండ్లి చూస్త. మళ్ళ రోడ్డు మీద ఆగిందంటే నేను పిల్లలకు జవాబు చెప్పలేను. బండిని పంపియ్యాల్సిందే."

ఆ ఇంకొక్క పెళ్ళి మా పక్కింటి అక్కది. నా చేయి పట్టుకుని మొదటిసారి లైబ్రరీకి తీసుకెళ్ళింది ఆ అక్కే. నా పేరున కార్డు రాయించింది, నిఘంటువు ఎలా చూడాలో నేర్పింది. నేను బడిలో చదివింది తొమ్మిది వరకే. తక్కిన చదువంతా ఆ లైబ్రరీ బల్ల మీదే సంపాదించుకున్నాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకిప్పటికీ గర్వమే. కాబట్టి ఆ పెళ్ళిలో కారు ఆగకూడదన్నది తాతయ్యకు ఎంతో నాకూ అంతే.

సేఠ్ గారు బొంబాయికి రాసి కొత్త రకం పంపులు రెండు తెప్పించారు. అవును, రెండు. ఆ కారుకు పక్కపక్కనే రెండు పంపులు ఉండేవి. ఒకటి ఆగినా రెండోది బండిని ఇంటికి చేరుస్తుందని దాన్ని తయారు చేసినవాళ్ళ ముందుచూపు. కిందటేడు బండి ఎందుకు ఆగిందో తరువాత తేలింది. ఒక పంపు అంతకు కొన్ని నెలల ముందే చచ్చిపోయింది. రెండోది ఒక్కటే, ఎవరికీ తెలియకుండా, మొత్తం బరువు లాగి లాగి ఆ రోజు చేతులెత్తేసింది. పైపైన బాగుచేసి రెంటినీ ఎలాగో మళ్ళీ నడిపిస్తున్నారు.

కొత్త పంపులు నూనె కాగితంలో చుట్టి వచ్చాయి. వాటితో ఒక పల్చని ఇంగ్లీషు పుస్తకం. దాన్ని తాతయ్య నా చేతిలో పెట్టారు. నేను ఆ వారం మా లైబ్రరీలో ఎవరితోనూ మాట్లాడలేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కొక్క వాక్యం తెలుగులోకి నోటుబుక్కులో రాసుకున్నాను. పాత పంపులో కరెంటు తగిలే మొనలు తొందరగా నల్లబడి అతుక్కుపోతాయట, కొత్తదానిలో అవి గట్టి లోహంతో చేశారట, వేడిని తట్టుకుంటుందట, పాతవాటి స్థానంలో వీటిని బిగించాలట. ఇంజనీరునైపోయినంత సంబరపడ్డాను.

కారు రిపేరు చేసేది యాకుత్‌పురా ఉస్తాద్. మా తాతయ్యకు చిన్ననాటి దోస్తు. నేను చాచా అని పిలిచేదాన్ని. ఆయనకు ఏ భాషా చదవడం రాదు. ఆదివారం పొద్దున సేఠ్ గారి షెడ్డులో ఆయన ఎదుట నిలబడి నా నోటుబుక్కు మొత్తం చదివి వినిపించాను. చాచా బీడీ పక్కన పెట్టి, ఎంతో శ్రద్ధగా విన్నారు. తరువాత ఒక పాత పంపు ఊడదీసి, దాని చోట ఒక కొత్తది బిగించి, చేతులు తుడుచుకున్నారు. రెండో కొత్త పంపు నూనె కాగితంలోనే ఉండిపోయింది.

"రెండూ మార్చాలి చాచా. పుస్తకంలో ఉంది" అన్నాను.

"కొత్త కోడలు ఇంట్లకు వచ్చిన్నాడే అత్తను బజార్ల పెడ్తరా బిడ్డా?" అన్నారు చాచా. "పొయ్యి ఎట్ల మండుతదో, గిన్నె యాడున్నదో ముందు సూసుకోనీ. దసరాదాంక ఇద్దరు ఉంటరు. గప్పుడు సూద్దాం."

"మీకు చదువు రాదు కాబట్టి అట్ల అంటున్నరు" అనేశాను. ఈ రోజుకూ ఆ మాట తలచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి. తాతయ్య అటు తిరిగి టైరు చూస్తున్నారు, ఆయన వినలేదు. చాచా మాత్రం నవ్వారు. "సచ్ బాత్, నిజమే" అన్నారు. ఆ తరువాత రెండు చిన్న ఇత్తడి స్విచ్చులు తెచ్చి, ముందు ఎడమ సీటు ఎదుట బిగించారు. ఒకటి కొత్త పంపుకు, ఒకటి పాతదానికి. ఏది కావాలంటే అది నడిపించుకోవచ్చు.

అవి డ్రైవరు చేతికి అందే చోట కాకుండా పక్క సీటు ముందు ఎందుకు పెట్టారో నేను అడగలేదు. అడగవలసిన ప్రశ్న అదొక్కటే.

పై ఆదివారం బండిని పరీక్షించడానికి ఫలక్‌నుమా ఎత్తు వరకు వెళ్ళాం. తాతయ్య స్టీరింగు దగ్గర, నేను పక్క సీట్లో, చాచా వెనక. నేను కిటికీలోంచి తల బయటపెట్టి షాలిబండ వాళ్ళంతా నన్ను చూస్తున్నారా లేదా అని చూసుకుంటుంటే, చాచా వెనక నుంచి వంగి స్విచ్చు ఏదో సర్దారు. బండి ఎత్తు ఎక్కుతోంది. ఒక్క దగ్గు లేదు, ఒక్క కుదుపు లేదు.

"ఎట్లున్నది బిడ్డా కొత్త పంపు?" అని అడిగారు చాచా.

నేను వర్ణించాను. ఎంత నున్నగా ఉందో, పాతదానితో ఈ ఎత్తు ఎక్కాలంటే ఎంత తంటా పడేదో, గట్టి లోహం మొనలు ఉంటే ఇంతే మరి అని, నా నోటుబుక్కులోని వాక్యాలన్నీ అప్పజెప్పాను. పాత పంపును ఇంకా ఉంచడం ఎంత దండగో కూడా చెప్పాను. చాచా అంతా విని, స్విచ్చుల వైపు వేలు చూపించారు. కొత్త పంపు స్విచ్చు కిందికి ఉంది. పాతది పైకి ఉంది. షాలిబండ నుంచి మమ్మల్ని ఆ ఎత్తు మోసుకొచ్చింది పాత పంపే.

చాచా ఎంత నవ్వారంటే, దగ్గు వచ్చి బండి ఆపించుకున్నారు. ఏమైందో అర్థం కాక తాతయ్య నా మొహం, ఆయన మొహం చూశారు. చాచా తాతయ్య ఎదురుగా వచ్చి నిలబడి, చేతులు ఊపుతూ గట్టిగా అంతా చెప్పారు. అప్పుడు తాతయ్య కూడా నవ్వారు. నేను ఏడుపు మొహం పెట్టాను.

"నువ్వు చదివింది ఝూట్ కాదు" అన్నారు చాచా, నా పక్కన కారు మెట్టు మీద కూర్చుని. "కొత్తది మంచిదే. కాని నువ్వు పంపును యినలే, పుస్తకాన్ని యిన్నవ్. చెప్పులు ఇప్పు."

చెప్పులు విప్పాను. ఒట్టి పాదం కారు నేల మీద పెట్టమన్నారు, పంపులు ఉన్న చోటికి సరిగ్గా పైన. కొత్తది నడిపించారు. పాదం కింద చిన్న సుత్తితో కొట్టినట్టు టక్, టక్, టక్. పాతది నడిపించారు. అదే దెబ్బ, కానీ కాస్త బరువుగా, మెట్లెక్కే ముసలి మనిషి అడుగులా. స్విచ్చులు రెండూ దించేశారు. పాదం కింద ఏమీ లేదు. "ఇగో, ఈ ఏం లేకపోవుడున్నది సూడు, దీన్ని పట్టుకోవాలె. పంపు ఆగినంక ఇంజన్ల మిగిలిన పెట్రోలుతోని బండి ఒక్క నిమిషం నడుస్తది. ఆ నిమిషంల నువ్వు రెండో స్విచ్చు ఎయ్యాలె. ఎయ్యకుంటే దేవుడొచ్చినా తోయాల్సిందే."

తరువాతి మూడు ఆదివారాలు అదే చదువు. నేను కళ్ళు మూసుకునేదాన్ని. చాచా స్విచ్చులు మార్చేవారు. ఏది నడుస్తోందో నేను చెప్పాలి. తప్పు చెబితే నెత్తి మీద మొట్టికాయ, ఒప్పు చెబితే ఉస్మానియా బిస్కెట్టు. మూడో ఆదివారం నాకు చాయ్ తాగడానికి కూడా ఆకలి లేకుండా పోయింది, అన్ని బిస్కెట్లు తిన్నాను.

పెళ్ళి వైశాఖంలో వచ్చింది. మధ్యాహ్నం నాలుగింటికి అప్పగింతలు. అక్క అత్తవారిల్లు కార్వాన్ వైపే, మూసీ దాటి వెళ్ళాలి. నేను కొత్త చెప్పులు వేసుకుని ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను. ఎవరూ దిగమనలేదు. ఎవరో నన్ను దింపడానికి రాబోతే చాచా అడ్డుపడి, "అది ఆమె కుర్చీ" అన్నారని తరువాత అమ్మ చెప్పింది. వెనక అక్క, బావ. ముందు బ్యాండు మేళం. సేఠ్ గారు, ఆయన కొడుకులు వెనక ఇంకో కారులో వస్తున్నారు, ఏమవుతుందో చూడడానికి.

బయలుదేరే ముందు అక్క మేనమామ పసుపు రాసిన చెంబుతో వచ్చాడు. "ఇప్పుడు నీళ్ళు అక్కర లేదు మామా, కొత్త పంపు వేడెక్కదు" అని నేను పుస్తకంలోని మాట చెప్పాను. చాచా కూడా వద్దన్నారు. వింటేనా? గల్లీలోని అవ్వ ముందుకొచ్చింది. "వేడెక్కకపోతే మానె. నీళ్ళు పొయ్యకుండ పిల్లను సాగదోలుతరా? ఏం బుద్ధులయ్యా ఇవి?" అంది. ఆడవాళ్ళంతా అవ్వ పక్షమే. చాచా చేతులెత్తేశారు. మేనమామ భక్తిగా నీళ్ళు పోస్తూ నడిచాడు. ఒక చెంబు అయిపోతే ఎవరో ఇంకొకటి అందించారు. మేనకోడలి మీద ప్రేమ కొద్దీ ఆయన మిగతావాళ్ళ కంటే ధారాళంగా పోశాడు.

గోనెగుడ్డ పాత పంపుకు చుట్టి ఉంది. కొత్తది దాని పక్కన, ఏ గుడ్డా లేకుండా, తీగ కొస బయటికే ఉంది. ఈ సంగతి మా అందరిలో ఎవరికీ తట్టలేదు.

నేను చెప్పులు విప్పి పాదం నేల మీద ఆనించాను. టక్, టక్, టక్. బ్యాండు వాళ్ళు చెవులు పగిలేలా వాయిస్తున్నారు. దారి పక్కన కుర్రాళ్ళు "అన్నా, తోయాల్నా? మనుషులను తోలియ్యాల్నా?" అని కేకలు వేస్తున్నారు. వెనక బావ నవ్వు, అక్క గాజుల చప్పుడు. మూసీ వంతెన కనబడింది. వంతెన ఎక్కే ఎత్తు మొదలైంది. టక్, టక్. తరువాత ఏమీ లేదు.

ఇంకో పాదం కూడా ఆనించాను. ఏమీ లేదు. తాతయ్య వైపు చూశాను. ఆయన ముందుకు చూస్తూ, తలపాగా సర్దుకుని, ఏమీ జరగనట్టే నడుపుతున్నారు. నాకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది, ముప్ఫై ఏళ్ళ డ్రైవరుకు తెలియంది నాకేం తెలుస్తుందని. బండి ఒకసారి చిన్నగా దగ్గింది. నేను కొత్త స్విచ్చు కిందికి దించి, పాతదాన్ని పైకెత్తాను. పాదం కింద మెట్లెక్కే ముసలి మనిషి అడుగులు మొదలయ్యాయి. మొదట తొందర తొందరగా, తరువాత నిదానంగా. బండి గొంతు సవరించుకున్నట్టు ఒక మాటు ఊగి, వంతెన ఎక్కేసింది.

అక్కకు తెలియలేదు. బ్యాండు వాళ్ళకు తెలియలేదు. వెనక వస్తున్న సేఠ్ గారి కొడుకులకూ తెలియలేదు. అత్తవారి ఇంటి ముందు కారు ఆగినప్పుడు సేఠ్ గారు దిగి వచ్చి, బానెట్ మీద చెయ్యి వేసి, "బండి మా ఇంట్లనే ఉంటది" అని అందరూ వినేలా అన్నారు. మేనమామ చెంబు ఎత్తి చూపి, "నేను పోసిన నీళ్ళ మహిమ" అన్నాడు. ఆ నీళ్ళే తీగలోకి పోయి కొత్త పంపును ఆపాయని చాచా ఆ సాయంత్రమే కనిపెట్టారు. మరుసటి వారం ఆయన రేకు డబ్బా ఒకటి కోసి కొత్త పంపుకు టోపీలా పెట్టారు. ఆనవాయితీని మాన్పించడం కంటే టోపీ పెట్టడం సుళువు అన్నారు. కొత్త పంపు వానలూ ఎండలూ చూసి నిలబడ్డాక, అన్నమాట ప్రకారం దసరాకు రెండో కొత్తదాన్ని బిగించారు. పాత పంపును గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టారు, పడేయలేదు.

పెళ్ళి రోజు సాయంత్రం షెడ్డులో చాచా నన్ను పక్కకు పిలిచి అడిగారు. "పంపు ఆగిందని తాతకు చెప్పినవా?"

హడావుడిలో చెప్పలేదన్నాను.

"మంచిది. చెప్పకు."

ఎందుకని అడిగాను. ఆయన బీడీ ఆర్పేశారు. "నీ తాత చెవులు మస్తు పనిచేసినయి బిడ్డా. ఈ ఊర్ల ఏ బండికి ఏం రోగమో దూరంకెళ్ళి చెప్పెటోడు. జర అలసిపోయినయి, గంతే" అన్నారు.

అప్పుడు నాకు ఒక్కొక్కటే అర్థమైంది. రెండోసారి అడిగితేనే పలకడం. చాచా ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడడం. కిందటేడు ఒక పంపు చచ్చిపోయినా తాతయ్య కనిపెట్టలేకపోవడం. స్విచ్చులు నా సీటు ముందు ఎందుకు వచ్చాయో, మూడు ఆదివారాలు బిస్కెట్లు పెట్టి నాకు ఆ చదువు ఎందుకు చెప్పారో. చాచా సేఠ్ గారికి ఒక్క మాట చెప్పి ఉంటే కొత్త డ్రైవరు వచ్చేవాడు. అలా చెప్పకుండా, తాతయ్య పక్కన ఇంకో జత చెవులు బిగించారు. పాతదాన్ని తీయకుండా కొత్తదాన్ని పక్కన పెట్టడమంటే ఆయన ఉద్దేశంలో పంపులొక్కటే కాదు.

ఆ రాత్రి లైబ్రరీ పుస్తకాలతో పాటు ఆ పల్చని పుస్తకాన్నీ సర్దుతుంటే, బొమ్మలు లేవని నేను చదవకుండా వదిలేసిన చివరి పేజీ కనబడింది. నిఘంటువు తీసి చదివాను. రెండు పంపులనూ ఒకేసారి మార్చవద్దని, ఒక్కొక్కటి వేరుగా నడిపించి చూసుకోవాలని అక్కడ రాసి ఉంది. మరునాడే యాకుత్‌పురా వెళ్ళి చాచాకు ఆ పేజీ చదివి వినిపించి, ఆ రోజు నేనన్న మాటకు చెంపలు వేసుకున్నాను. "చూసినవా, ఆ పుస్తకం రాసినోనికి గుడ అత్త ఉన్నట్టున్నది" అన్నారాయన. అప్పటి నుంచి ఏ పుస్తకమైనా చివరి పేజీ దాకా చదివి కానీ మూయను.

తాతయ్యకు నేను ఏమీ చెప్పలేదు. కానీ పెళ్ళి రోజు ఇంటికి వచ్చాక, వాకిట్లో నీళ్ళ తొట్టి దగ్గర నన్ను ఆపి, ఒక చెంబు నీళ్ళు ముంచి, ఆయనే నా రెండు పాదాల మీద పోశారు. "కడుక్కో బిడ్డా. ఇయ్యాల నీ కాళ్ళు మస్తు పని చేసినయి" అన్నారు. అంతకు మించి ఆ విషయం మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. తరువాత నాలుగేళ్ళు ఆ కారు ఆయనే నడిపారు, గల్లీలో ప్రతి పెళ్ళికీ. పక్క సీటు నాది.

ఇప్పుడు నా చెవులకూ అలసట వచ్చింది. మా ఇంట్లో తలుపు గంట మోగితే మనవరాలు పుస్తకం పక్కన పడేసి లేస్తుంది. "నేనే తీస్తా అమ్మమ్మా, కూసోని కూసోని కాళ్ళు పట్టేసినయి" అంటుంది. కుక్కర్ కూతలు తనకు లెక్క రావడం లేదని, నాతో పాటు గట్టిగా లెక్కపెడుతుంది. పదిహేనేళ్ళ పిల్లకు కాళ్ళు ఎందుకు పట్టేస్తాయో, ఇంటరులో లెక్కలు చదివే పిల్లకు మూడు కూతలు ఎందుకు తెలియవో నాకు తెలుసు. నేనేమీ అనను. సాయంత్రం ఆ పిల్ల కాలేజీ నుంచి వచ్చేసరికి, వాకిట్లో ఒక చెంబు నీళ్ళు ముంచి పెడతాను.